డెక్కన్ ఛార్జర్స్ జట్టు మార్పులు

డెక్కన్ ఛార్జర్స్ హైదరాబాదు కేంద్రంగా 2008 నుండి 2012 వరకు ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడిన క్రికెట్ జట్టు. 2008లో 14 మ్యాచ్‌లకు గాను రెండింటిలోనే నెగ్గి, ఎనిమిది జట్లలో చివరి స్థానం పొందింది. సొంత మైదానమైన ఉప్పల్‌లో ఒక్క విజయమూ దక్కలేదు.

అయినప్పటికీ యాజమాన్యం ప్రధాన ఆటగాళ్ళను వదులుకోలేదు. గిబ్స్, రోహిత్ శర్మ, ఆర్.పి.సింగ్, ప్రజ్ఞాన్ ఓఝా కొనసాగారు. వేలంలో వెస్టిండీస్ బౌలర్ ఫిడెల్ ఎడ్వర్డ్స్‌ను తీసుకొన్నారు. అసలు మార్పు నాయకత్వంలో జరిగింది: వి.వి.యెస్.లక్ష్మణ్ స్థానంలో గిల్‌క్రిస్ట్ నాయకుడు కాగా, డారెన్ లీమన్ శిక్షకుడయ్యాడు. సార్వత్రిక ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలిన 2009 పోటీలలో ఈ జట్టే విజేత. మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్‌లో బెంగుళూరుపై 6 పరుగుల తేడాతో గెలిచింది.

2011 వేలానికి ముందు మాత్రం ఒక్క ఆటగాడినీ అట్టిపెట్టుకోలేదు. సంగక్కర నాయకత్వంలోని కొత్త జట్టు పది జట్లలో ఏడవ స్థానంలో నిలిచింది.