మైకు దాకా నాలుగడుగులు

బేస్‌ని గోడకి ఆనించకు, జారుతుంది. మెడ దగ్గర పట్టుకుని, నడుముని నీ తొడకి ఆనించుకో.

డబుల్ బేస్ అనే ఈ తీగల వాయిద్యం మనిషంత పొడుగు. దీన్ని పరవాడలో గాజువాక సర్వీసు ఆటో ఎక్కించాలంటే ముగ్గురు ప్యాసింజర్లు దిగాలి. ఆ ముగ్గురి డబ్బులూ డ్రైవరు నీ దగ్గరే వసూలు చేస్తాడు. కానీ ఇది పరవాడ కాదు. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం, గ్రీన్‌విల్ అనే ఊరు. 1958 ఫిబ్రవరి 5. ఈస్ట్ కరొలైనా కాలేజీలో కచేరీ. నువ్వు యూజీన్ రైట్‌వి. చికాగోలో పుట్టావు, ముప్పై నాలుగేళ్లు. కౌంట్ బేసీ దగ్గర వాయించి వచ్చినవాడివి. పియానో వాయించే డేవ్ బ్రూబెక్ జాజ్ బృందంలో కొత్తగా చేరావు. నలుగురిలో నల్లవాడివి నువ్వొక్కడివే.

హాలు నిండిపోయింది. టైము దాటిపోయింది. మీరింకా స్టేజీ ఎక్కలేదు.

అవతల మూల కాలేజీ పెద్దలు బ్రూబెక్‌తో మాట్లాడుతున్నారు. మాటలు సగమే వినిపిస్తున్నాయి. మిగతా సగం నీకు తెలియనిది కాదు. నల్లవాళ్లు ఈ స్టేజీ ఎక్కడానికి వీల్లేదట. మిగతా ముగ్గురూ వాయించుకోవచ్చట.

ఎందుకని? ఆ దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు బడి వేరు, హోటల్లో బల్ల వేరు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు. మనకిది ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. టీ కొట్టులో కొందరికి విడిగా పెట్టిన గ్లాసులు చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

పోనీ, బేస్ లేకుండా ఆ ముగ్గురూ వాయిస్తే? వాయించొచ్చు. చప్పుడు వస్తుంది, పాట నిలబడదు. మన కచేరీలో తంబురా చేసే పని కొంత, మృదంగం చేసే పని కొంత ఇక్కడ నీ చేతిలో ఉంటాయి. నాలుగు లావుపాటి తీగలు, వాటిని కుడిచేతి వేళ్లతో లాగి వదులుతావు. ఒక్కో దెబ్బకి ఒక్కో స్వరం, మెట్లు దిగుతూ, ఎక్కుతూ. సాక్సఫోన్ ఎంత దూరం తిరిగొచ్చినా ఇంటి గుమ్మం చూపించేది నువ్వే. అన్నిటికన్నా కింది తీగ మీటితే ఆ స్వరం చెవికన్నా ముందు రొమ్ముకి తగులుతుంది. జనం మాత్రం సాక్సఫోన్‌నే చూస్తారు. బేస్ వాయించేవాడి బతుకే అంత. వెనక నిలబడటం వాడికి అలవాటు.

కానీ వెనక నిలబడటం వేరు, వెనకే నిలబడమనడం వేరు.

దబ్. దబ్. దబ్. హాల్లో కుర్రాళ్లు కాళ్లతో నేలని బాదుతున్నారు. ఆ అదురు బేస్ చెక్కలోంచి నీ మోకాలికి పాకుతోంది.

బ్రూబెక్ తల అడ్డంగా ఊపాడు. రైట్ లేకపోతే కచేరీ లేదు. ఇంకో మాట కూడా అన్నాడు. ఈ బృందాన్ని అమెరికా ప్రభుత్వమే త్వరలో విదేశాలకి పంపుతోంది. మా దేశంలో స్వేచ్ఛ ఎలా ఉంటుందో చూడండి అని చెప్పడానికి. అలాంటి బృందాన్ని సొంత దేశంలో ఒక కాలేజీ వాయించనివ్వకపోతే ఏం బాగుంటుంది?

కాలేజీ ప్రెసిడెంట్ ఫోను దగ్గరికి వెళ్లాడు. అవతల రాష్ట్ర గవర్నరు.

దబ్. దబ్. దబ్.

బేస్‌ని గుడ్డలో చుట్టేసి వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఉండనూ వచ్చు. ఉంటే ఏమవుతుందో తెలీదు. వేళ్లు చల్లబడుతున్నాయి. కాయలు కాచిన వేళ్లే, అయినా చల్లబడుతున్నాయి. రుద్దుకో.

ఫోను పెట్టేశారు. వాయించొచ్చు. కాకపోతే బేస్ వెనకాల ఉండాలి. జనానికి కనపడకుండా.

స్టేజీ మీదకి నడిచావు. లైట్లు. చప్పట్లు. వెనక నీ చోటు. జో మొరెల్లో డ్రమ్ముల పక్కన. పాట మొదలైంది. నీ కళ్లు వేళ్ల మీద. నీ చెవులు హాలు మీద.

బ్రూబెక్ నీ వైపు తిరిగాడు. నీ మైకు పనిచెయ్యట్లేదట. ముందుకొచ్చి తన మైకు దగ్గర సోలో వాయించమంటున్నాడు.

మైకుకేం కాలేదు.

నీకు తెలుసు. అతనికీ తెలుసు.

వెనకే ఉండిపోవచ్చు.

బేస్ ఎత్తు.

ఒక అడుగు. రెండు.

లైటు మొహం మీద పడింది.

మూడు.

నాలుగు.

మీటు.

హాలు ఊగిపోయింది.

ఆ తర్వాతి నెలల్లో సామాన్లు సర్దడమే సరిపోతుంది. పోలండ్, టర్కీ, ఆ తర్వాత మన దేశం. రాజ్‌కోట్, ఢిల్లీ, బొంబాయి, హైదరాబాద్, మద్రాసు, కలకత్తా. హైదరాబాదులో వాయించేటప్పుడు నీ పాస్‌పోర్టు ఏ దేశానిదో అదే దేశంలో, గ్రీన్‌విల్ లాంటి ఊళ్లలో, నువ్వెక్కడ నిలబడాలో ఇంకొకరు ఫోన్లో తేలుస్తున్నారు. మద్రాసులో పళని సుబ్రమణ్య పిళ్లై మృదంగం ఎత్తుకుంటాడు. మొరెల్లో కళ్లు పెద్దవవుతాయి.

ఇప్పుడు 1959 జులై 1. న్యూయార్కు, ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియో. మీ సాక్సఫోన్ వాద్యకారుడు పాల్ డెస్మండ్ రాసిన ‘టేక్ ఫైవ్’ రికార్డు చేస్తున్నారు. ఆవర్తానికి ఐదు దెబ్బలు. జాజ్ వినేవాళ్లకి ఇది వింత. మనకి ఖండ చాపు. మనం తక-తకిట అంటాం, వీళ్లు తకిట-తక అని తిరగేశారు, అంతే. ఏదీ, తొడ మీద వేసి చూడు. మొరెల్లో డ్రమ్ముల మీద సొంతంగా ఎటో వెళ్లిపోతాడు. ఒక దెబ్బ మింగుతాడు, ఇంకోటి ఆలస్యం చేస్తాడు. అతని వెంట పరిగెత్తాలనిపిస్తుంది. పరిగెత్తకు. తకిట-తక దగ్గరే ఉండు. బ్రూబెక్ పియానో, నీ బేస్ కదలకుండా ఉన్నాయి కాబట్టే అతను అంత దూరం వెళ్లగలుగుతున్నాడు. నా మట్టుకు నాకు ఆ రికార్డులో డ్రమ్ములకన్నా ఈ కదలకపోవడమే గొప్పగా వినిపిస్తుంది. ఆ పాట ఉన్న ‘టైమ్ అవుట్’ ఆల్బమ్ పది లక్షల పైన అమ్ముడవుతుంది.

అప్పుడైనా మారిందా? 1960 వచ్చింది. దక్షిణాది కాలేజీల్లో పాతిక కచేరీలు కుదిరాయి. బేస్ వాయించేది నువ్వని తెలిసింది. తెల్లవాణ్ని పెట్టుకుంటే మాకేం అభ్యంతరం లేదన్నారు. బ్రూబెక్ ఒప్పుకోలేదు. ఇరవైకి పైగా రద్దయ్యాయి. అవతల పోతున్నది చిన్న మొత్తం కాదు. నలుగురి కూలీ పోతోంది, పోయే కారణం నువ్వంటున్నారు. నేనే తప్పుకుంటాను అనే మాట నోటి చివర దాకా వస్తుందా, రాదా? ఆ చోట నువ్వుంటే ఏమంటావు?

రైట్ తప్పుకోలేదు. 1967 డిసెంబరులో ఆ నలుగురూ బృందాన్ని రద్దు చేసుకునేదాకా బేస్ అతనిదే.