అమ్ముగూడ బలరామ్

హుజూర్‌నగర్‌లో పొద్దున చాయ్ హోటల్‌కు వచ్చే పేపరు ఏడు గంటలకల్లా ముక్కలు ముక్కలైపోతుంది. జిల్లా పేజీ ఒకరి చేతిలో, సినిమా పేజీ ఇంకొకరి చేతిలో. ఆటల పేజీ మాత్రం బల్ల మీదే పడి ఉంటుంది, గ్లాసుల కింద. 2023 ఫిబ్రవరి 17న ఆ పేజీ నిండా ఢిల్లీలో మొదలవుతున్న ఆస్ట్రేలియా టెస్టు ముచ్చటే. గ్లాసు తీస్తే మిగిలిన గుండ్రటి తడి మరకలో ఒక చిన్న వార్త కనబడింది. ఒకనాటి ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్ కోల్‌కతాలో కన్నుమూశాడు. వయసు 86.

"ఎవరు సార్ ఈయన?" అన్నాడు గ్లాసులు ఎత్తే పిల్లగాడు.

"మన సికింద్రాబాదాయనే. ఇండియాకు ఆడిండు."

"ఫుట్‌బాల్ గూడ మనోళ్లు ఆడిండ్రా?"

ఆడారు. ఎంత బాగా ఆడారో చెప్పాలంటే ముందు పోలీసుల సంగతి ఎత్తుకోవాలి. 1950లో మా నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. పోలీసులు వస్తున్నారంటే మగవాళ్లు పొలాల్లోకి, గుట్టల్లోకి ఉరికిన రోజులవి. అదే ఏడు, అదే రాష్ట్రం పేరు పెట్టుకున్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్పు ఎత్తింది. బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. పోలీసు అన్న ఒకే మాట ఒకచోట లాఠీ, ఒకచోట బంతి. మా తాతల చెవికి ఆ రెండో అర్థం చేరే అవకాశమే లేదు, వాళ్లను తప్పుపట్టలేం. తర్వాతి తరాలకైనా ఎందుకు చేరలేదన్నదే నా బాధ.

ఆ పోలీసు జట్టును తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం అనే స్కూలు పంతులు. అందరికీ రహీం సాబ్. మైదానం పక్కన నిలబడి కుర్రాడి కాలు చూసి ఇతనెంత దూరం పోతాడో చెప్పగల మనిషి. ఆయన కంట్లో పడ్డవాడే బలరామ్.

1936లో సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో, పేద ఇంట్లో పుట్టాడు బలరామ్. పట్టాలూ పటాలాలూ ఉన్న చోటు అది. సిపాయిలు ఆడుతుంటే గీత బయట నిలబడి చూసి ఆట నేర్చుకున్న పిల్లలు ఆ చుట్టుపక్కల చాలామందే. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి దగ్గరకు తీసుకెళ్లి, బతిమాలి, రెండు రూపాయలకు ఆట బూట్లుగా మార్పించుకున్నాడని చెబుతారు. రహీం సాబ్ ప్రాక్టీసుకు రమ్మంటే, అంత దూరం రోజూ ఎలా రావాలని నీళ్లు నమిలాడట. సైకిల్ అద్దెకు తెచ్చుకొమ్మని రహీం సాబ్ తన జేబులోంచి రూపాయి ఇచ్చేవాడట. భారత ఫుట్‌బాల్ ఎడమ పక్కకు బలరామ్ తెచ్చిన వేగం అద్దె సైకిల్ మీద వచ్చిందే.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం ముక్కలై, దాని తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. హుజూర్‌నగర్ కూడా అదే రోజు రాష్ట్రం మారింది. నెల తిరిగేసరికి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. శిక్షకుడు రహీం. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, ఇరవై ఏళ్ల బలరామ్. రాష్ట్రం పటం మీద లేదు గానీ దాని పిల్లలు ప్రపంచం ముందు నిలబడ్డారు. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో మాత్రం హైదరాబాద్ పేరు ఇంకొన్నాళ్లు బతికింది. 1956-57లో కప్పు గెలిచింది, మరుసటేడూ నిలబెట్టుకుంది.

1957లో కలకత్తా పిలిచింది. ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపు చొక్కాలో బలరామ్ వందకు పైగా గోల్స్ కొట్టాడు. 1961లో నాయకుడిగా కలకత్తా లీగ్‌నూ, ఐఎఫ్‌ఏ షీల్డ్‌నూ ఒకే ఏడు తెచ్చిపెట్టాడు. ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కూడా ఆయనవే. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్. ఈ మూడు పేర్లను బెంగాలీలు ఒక్క గుక్కలో పలికేవాళ్లు.

నన్నడిగితే ఆయన ఆటను కప్పుల్లో కాదు, ఓటమిలో చూడాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గుంపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ పడ్డాయి. హంగరీ అంటే ఆరేళ్ల కిందట ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన దేశం. ఆ రోజు వాళ్ల తరఫున ఆడిన కుర్రాడు ఫ్లోరియన్ ఆల్బర్ట్ తర్వాత యూరప్‌లోనే మేటి ఆటగాడిగా బాలన్ డి'ఓర్ అందుకున్నాడు. మనం 2-1తో ఓడాం. ఆ ఒక్క గోల్ బలరామ్‌ది. పెరూ చేతిలో 3-1తో ఓడాం. ఆ ఒక్కటీ బలరామ్‌దే. ఫ్రాన్స్‌తో సమం చేసుకున్నాం. ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం మళ్లీ ఆడలేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ కొట్టిన చివరి గోల్ ఇప్పటికీ అమ్ముగూడ పిల్లగాడిదే.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. ఇక అయిపోయిందనుకున్నారు. థాయ్‌లాండ్ మీద నాలుగు కొట్టారు, జపాన్ మీద రెండు. రెండింట్లోనూ బలరామ్ గోల్ ఉంది. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వకపోవడం మీద మన ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పారని ఊరంతా మన మీద మండిపడుతోంది. లక్షమంది జనం ఎగతాళి చేస్తుంటే పి.కె. ఒకటి, తలకు కుట్లతోనే దిగిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1. బంగారు పతకం. బలరామ్‌కు అదే ఏడాదికి అర్జున అవార్డు.

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండును. జకార్తాలో రహీం సాబ్ అప్పటికే జబ్బు మనిషి. ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు. అదే ఏడాది శిష్యుడి ఛాతీ కూడా దెబ్బతింది. ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో చేరిన బలరామ్‌కు ప్లూరసీ సోకింది. మా దగ్గర 'ఊపిరితిత్తులకు నీరు పట్టింది' అంటారు, ఆ జబ్బే. లోతుగా గాలి పీలిస్తే పక్కటెముకల కింద కత్తి గుచ్చినట్టుంటుంది. గుమాస్తా అయితే ఆ నొప్పితోనే ఉద్యోగం చేసుకుంటాడు. గీత పొడుగునా పరుగు పెట్టి, ఆగి, మళ్లీ ఉరకాల్సిన మనిషి ఏం చేస్తాడు? 27 ఏళ్లు నిండీ నిండకముందే బూట్లు విప్పాడు. ఎవరూ ఆయన కాలికి అడ్డం పడలేదు, జట్టులోంచి తీసేయలేదు.

తర్వాత అరవై ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. కొన్నాళ్లు కుర్రాళ్లకు ఆట నేర్పాడు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉన్నాడు. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. మూడో పేరుకు రాలేదు. ఆ కడుపుమంట ఆయన దాచుకోలేదు, పాత క్లబ్బు మీద కూడా అలకే. పి.కె. 2020 మార్చిలో, చునీ ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. పరుగుకు పనికిరాని ఊపిరి అందరికంటే చివరిదాకా నిలిచింది.

ఇటు హైదరాబాద్‌లోనూ మైదానాలు ఒక్కొక్కటే క్రికెట్ చేతికి పోయాయి. పుణె జట్టు చోటులో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, డబ్బు చిక్కుల్లో పడి, చివరికి ఢిల్లీకి తరలిపోయింది.

ఆ పొద్దున ఇదంతా చెప్పలేదు. అద్దె సైకిల్ దాకా చెప్పేసరికి, అప్పటిదాకా సినిమా పేజీలో తల దూర్చిన పెద్దాయన తలెత్తాడు.

"ఏ ఊరన్నవ్?"

"అమ్ముగూడ."

"రైలు స్టేషన్ ఉంటది, గా అమ్ముగూడనా? మా బిడ్డ ఇల్లు ఆడనే గద. పదేండ్ల సంది పోతున్న. ఒక్కడన్న చెప్పలే."

పేజీ తనవైపు లాక్కుని, తడి మరకను తువ్వాలతో ఒత్తి, కళ్లద్దాల కోసం జేబు తడుముకున్నాడు.