ఒక ఇనుప కడ్డీ కథ

కొత్తకారు కొన్న ఆర్నెల్లకి చాలామందికి ఒక దురద మొదలవుతుంది. కాస్త వెడల్పు టైర్లు వేయిద్దామా, స్ప్రింగులు మార్చి కారుని రెండంగుళాలు కిందకి దించుదామా, గట్టి షాకబ్జార్బర్లు వేస్తే మలుపుల్లో ఇంకా బాగా పట్టుకుంటుందటగా... ఆఫీసు క్యాంటీన్లో ఈ చర్చ మొదలైందంటే మా వాళ్ళు మీటింగులు కూడా మర్చిపోతారు. తప్పేం లేదు, నాకూ ఇష్టమైన టాపిక్కే. కానీ అది విన్నప్పుడల్లా నాకు ఒక పాత అమెరికన్ కారు గుర్తొస్తుంది. పేరు షెవర్లే కోర్వేర్. కారుకి రోడ్డు మీద పట్టు అనేది మోజున్నవాడు విడిగా కొనుక్కోవాల్సిన సరుకా, లేక కారుతో పాటే రావాల్సిందా? ఈ ప్రశ్న మీద అమెరికాలో పెద్ద రచ్చ జరిగింది ఈ కారు వల్లే.

1950ల చివర్లో అక్కడ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తెగ అమ్ముడుపోతోంది. చిన్న కారు, ఇంజను వెనక, రేడియేటరూ నీళ్ళూ గొడవ లేదు, గాలికే చల్లబడుతుంది. జనరల్ మోటార్స్ కూడా అలాంటిదొకటి చెయ్యాలనుకుంది. అప్పట్లో షెవర్లే విభాగానికి అధిపతి ఎడ్ కోల్, స్వతహాగా ఇంజనీరు. ఆయన పట్టుబట్టి తెచ్చిన కారే కోర్వేర్. 1960 మోడలుగా 1959లోనే బజారులోకి వచ్చింది. ఆరు సిలిండర్ల అల్యూమినియం ఇంజను, అదీ వెనక. అంత పెద్ద కంపెనీకి అది సాహసమనే చెప్పాలి.

చిక్కంతా వెనక చక్రాల దగ్గర వచ్చింది. బరువులో అరవై శాతం పైగా వాటి మీదే. వాటికి వాడింది స్వింగ్ యాక్సిల్. ఇదేంటో తెలియాలంటే చెయ్యి పక్కకి చాపి, వేళ్ళు ఆకాశంవైపు ఉండేలా అరచేతిని నిలబెట్టండి. అరచేయి చక్రం, చెయ్యి యాక్సిల్, భుజం దగ్గర ఒక్కటే కీలు. ఇప్పుడు మణికట్టు కదలకుండా చెయ్యి కిందకి దించండి. వేళ్ళు బయటికి వాలిపోతాయి కదా! వేగంగా మలుపు తిప్పినప్పుడు బయటివైపు వెనక చక్రానికీ ఇదే జరగొచ్చు. రోడ్డు నుంచి వచ్చే పక్క బలానికి కారు వెనకభాగం పైకి లేస్తుంది, చక్రం కిందకి ముడుచుకుంటుంది, టైరు అంచు మీద నిలబడుతుంది. పట్టు పోతుంది. అదీ చెప్పాపెట్టకుండా పోతుంది. వెనక భాగం గిర్రున పక్కకి తిరుగుతుంది.

దీనికి తేలికైన మందు ముందువైపు ఒక యాంటీ రోల్ బార్. అంటే రెండు చక్రాలనీ కలిపే వంపు తిరిగిన ఉక్కు కడ్డీ. అది ఉంటే మలుపులో ముందు టైర్ల మీద భారం పెరిగి, వెనకవాటి కంటే అవే ముందుగా జారడం మొదలెడతాయి. స్టీరింగు తిప్పినంతగా కారు తిరగదు. డ్రైవరు సహజంగా యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తాడు, బతికిపోతాడు.

మొదటి కోర్వేర్లలో ఆ కడ్డీ లేదు. దానికి బదులు కంపెనీ ఏం చేసిందో తెలుసా? ముందు టైర్లలో 15 పీఎస్ఐ, వెనక టైర్లలో 26 పీఎస్ఐ గాలి ఉంచమంది. ముందు టైర్లు మెత్తగా ఉంటే కాస్త ఆ కడ్డీ చేసే పనే చేస్తాయి. లెక్క ప్రకారం కరెక్టే. కానీ గాలి కొట్టేవాడు అలవాటు కొద్దీ నాలుగింటికీ సమానంగా కొట్టేస్తే? కథ మళ్ళీ మొదటికి! బగ్గుని అలాగే వదిలేసి యూజర్ మాన్యువల్లో ఒక లైను రాసి చేతులు దులుపుకోవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కనిపెట్టిన విద్యేమీ కాదన్నమాట.

ఇక్కడే అప్‌గ్రేడ్ల వ్యాపారం మొదలైంది. కాలిఫోర్నియాలో ఎంపీ అనే కంపెనీ, చక్రాలు అలా ముడుచుకోకుండా యాక్సిళ్ళ కింద అడ్డంగా బిగించే ఒక స్ప్రింగు పట్టీ అమ్మింది. రేసింగ్ డ్రైవరు జాన్ ఫిచ్ అయితే కోర్వేర్లకి మార్పులు చేసి ఫిచ్ స్ప్రింట్ పేరుతో అమ్మాడు. చివరికి 1962లో కంపెనీయే ముందు కడ్డీతో సహా గట్టి సస్పెన్షన్ ప్యాకేజీని ఆప్షనుగా పెట్టింది. అంటే కార్ల సంగతి తెలిసినవాడు డబ్బులు పెట్టి ధైర్యం కొనుక్కున్నాడు. పిల్లల్ని స్కూల్లో దింపి కూరలు తెచ్చుకునే మనిషికి మాత్రం అలాంటి కడ్డీ ఒకటుంటుందనే తెలీదు. అసలు అవసరం ఎవరికండీ?

1961లో కోల్ తర్వాత షెవర్లే పగ్గాలు పట్టిన బంకీ నుడ్సెన్ ఆ కడ్డీ ప్రతి కారుకీ ఉండాలన్నాడు. పైవాళ్ళు ఖర్చని ఒప్పుకోలేదనీ, రాజీనామా చేస్తానని బెదిరిస్తే దిగొచ్చారనీ జాన్ డెలోరియన్ చెప్పగా పాట్రిక్ రైట్ 1979లో తెచ్చిన పుస్తకంలో ఉంది. ఏదైతేనేం, 1964 మోడలుకి కడ్డీ అన్ని కార్లకీ వచ్చింది, వెనక అడ్డపట్టీ స్ప్రింగు కూడా వచ్చింది. 1965లో స్వింగ్ యాక్సిల్‌నే తీసేసి ఒక్కో వైపు రెండేసి కీళ్ళున్న పూర్తి కొత్త సస్పెన్షన్ పెట్టారు.

సరిగ్గా అప్పుడు, 1965 చివర్లో, రాల్ఫ్ నేడర్ పుస్తకం 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' వచ్చింది. మొదటి అధ్యాయమే కోర్వేర్ మీద. ఆయన వెనక కంపెనీ డిటెక్టివుల్ని పెట్టిన సంగతి బయటపడి, 1966 మార్చిలో కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పాల్సొచ్చింది. అదే సెప్టెంబరులో వాహన భద్రతా చట్టం వచ్చింది. 1969లో కోర్వేర్ ఆగిపోయింది. మొత్తం సుమారు 18 లక్షల కార్లు.

ఇక్కడితో ఆపేస్తే నేడర్ హీరో, కంపెనీ విలన్. కానీ 1972లో అమెరికా ప్రభుత్వమే పాత కోర్వేర్‌ని ఫాల్కన్, వేలియంట్, బీటిల్, రెనో డాఫిన్‌లతో పోల్చి పరీక్షలు చేయించి, దాని హ్యాండ్లింగు ఆ కాలపు కార్ల కంటే తీసికట్టేమీ కాదని తేల్చింది. కోర్వేర్ అభిమానులు ఇప్పటికీ ఈ రిపోర్టే చూపిస్తారు. నేను ఆ రిపోర్టుని కొట్టిపారెయ్యను. కాకపోతే "పక్కవాళ్ళ కంటే తీసికట్టు కాదు" అనడానికీ, "తెలిసీ ఇంతకంటే బాగా చెయ్యగలిగీ మొదట్లో చెయ్యలేదు" అనడానికీ చాలా తేడా ఉంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మన దగ్గరా ఇదే వరస. ఏబీఎస్ కావాలంటే ఖరీదైన వేరియంటు కొనుక్కో అనే రోజులు చాలాకాలం నడిచాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశాకే ఆ బేరం ఆగింది. బండి జారుతుంటే తనే బ్రేకులు సర్దుకునే ఈఎస్‌సీని అమెరికాలో 2012 మోడళ్ళకల్లా అన్ని మామూలు కార్లకీ తప్పనిసరి చేశారు.

ఇంతకీ దురద ఉన్న మిత్రులకి నేను చెప్పేదేమిటంటే, ముందు డ్రైవరు డోరు దగ్గరుండే స్టిక్కరు చూసి గాలి సరిగ్గా పెట్టించండి. అరిగిన టైర్లూ, నూనె కారే షాకబ్జార్బర్లూ మార్చండి, అలైన్‌మెంట్ చూపించండి. మీరు కొనాలనుకుంటున్న పట్టులో చాలాభాగం అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత కూడా మోజు తీరకపోతే తెలిసినవాళ్ళనడిగి మార్చుకోండి గానీ, వెనక మాత్రమే గట్టి బార్ బిగించకండి. ముందు చక్రాల కంటే వెనకవి ముందు జారే కారు తయారవుతుంది. అలాంటి కారుని అమెరికా వాళ్ళు 1960లోనే చూసేశారు.