గోధుమ కంకి, గులాబి మొగ్గ

పువ్వుకూ పువ్వుకూ పెళ్లి చేయడం అనాదిగా తుమ్మెదల పని. ఆ పనిని మనిషి బుద్ధిపూర్వకంగా చేపట్టిన తొలి ఉదంతాలలో ఒకటి లండన్‌కు చెందినది. 1717 ప్రాంతంలో థామస్ ఫెయిర్‌చైల్డ్ అనే తోటమాలి కార్నేషన్, స్వీట్ విలియం పువ్వులను కలిపి కొత్త మొక్కను సృష్టించాడు. అది విత్తనం కట్టలేదు. అందుకే లోకం దానిని ‘ఫెయిర్‌చైల్డ్ కంచరగాడిద’ అన్నది. 1729లో మరణించిన ఆయన, సృష్టి వైచిత్రిని గురించి ఏటా ఒక ధర్మోపన్యాసం జరగాలని వీలునామాలో 25 పౌండ్లు కేటాయించాడు. దైవకార్యంలో చేయి పెట్టానన్న జంకే అందుకు కారణమని కొందరు ఊహించారు.

గులాబి విషయంలో ఈ విద్యకు క్రమశిక్షణ నేర్పిన వారిలో ముఖ్యుడు హెన్రీ బెన్నెట్. పశువుల పెంపకంలో ఆరితేరిన ఈ ఆంగ్ల రైతు, తల్లినీ తండ్రినీ ఎంచి కలిపే పద్ధతిని పూలకు వర్తింపజేశాడు. 1879లో తన సంకర గులాబీలను వాటి వంశావళితో సహా లోకానికి అందించాడు.

అయితే చల్లని దేశాలలో పుట్టిన గులాబీలన్నీ మన ఎండకు తాళలేవు. మన నేలకు తగిన గులాబీలను మనమే పుట్టించుకోవాలని పూనుకున్నవారిలో అగ్రగణ్యుడు డాక్టర్ బెంజమిన్ పియరీ పాల్ (1906–1989). కేంబ్రిడ్జిలో చదివి, 1933లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరారు. 1934 భూకంపంలో దెబ్బతిన్న ఆ సంస్థ 1936లో ఢిల్లీకి తరలింది. 1950లో దానికి డైరెక్టరయ్యారు. తుప్పు తెగుళ్లను తట్టుకునే ఎన్.పి. 809 గోధుమ ఆయన కృషి ఫలితమే.

గోధుమ పువ్వులో కేసరాలు మూడే, గులాబిలో పదులకొద్దీ. పని మాత్రం ఒకటే. మొగ్గ విచ్చకముందే రేకులు తీసి, పుప్పొడి రాలకముందే కేసరాలను తుంచాలి. తేనెటీగ వాలకుండా కాగితపు సంచి తొడగాలి. కీలాగ్రం జిగురెక్కిన వేళ, ఎంచుకున్న తండ్రి పువ్వు పుప్పొడిని కుంచెతో అద్ది, ఇద్దరి పేర్లూ రాసిన చీటీ కట్టాలి. కాయ పండడానికి నెలలు పడుతుంది. మొలిచిన ప్రతి మొక్కా వేరు; వేలలో ఏ ఒకటి రెండో నిలుస్తాయి.

విదేశీ గోధుమపై ఆధారపడిన దేశానికి గులాబి దేనికని ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న అసంగతమేమీ కాదు. దానికి పాల్ జీవితమే సమాధానం. గోధుమ ఆయన వృత్తి, గులాబి అభిరుచి. ఒకదానికోసం మరొకదానిని విడువలేదు. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. మరుసటి ఏడే భారతదేశంలో గులాబిని గురించిన ఆయన గ్రంథం వెలువడింది. ‘ఢిల్లీ ప్రిన్సెస్’, ‘బంజారన్’, ‘డాక్టర్ హోమీ భాభా’ ఆయన గులాబీలలో కొన్ని.

సంకర గులాబిని విత్తనంతో వృద్ధి చేస్తే తల్లి లక్షణాలు నిలవవు. కన్ను అంటు కట్టాలి. అంటే ఏ తోటలో ‘బంజారన్’ పూసినా, అది నాటి ఆ ఒక్క మొలకకు కొనసాగింపే. కుంచె పట్టిన చేయి 1989లో ఆగిపోయింది. అది అద్దిన పుప్పొడి ఫలితం మాత్రం ఇంకా పూస్తూనే ఉంది.