కువైటు విద్యుత్తు, ఫారడే వలయము

కువైటు విద్యుచ్ఛక్తి చరిత్రమును చమురుబావులతో నారంభించుట వాడుక. నాకు మాత్రము అది లండను నగరమందలి యొక పుస్తకముల బైండింగు దుకాణమున మొదలైనట్లు తోచును. 1791లో ఒక కమ్మరి యింట జన్మించి, పదునాలుగేండ్ల ప్రాయమున ఆ దుకాణమున పనివాడుగా కుదిరి, కుట్టవచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞానము సంపాదించిన మైకేల్ ఫారడే, ఉన్నత గణితమున ప్రవేశము లేకయే, 1831 ఆగస్టు 29వ తేదీన ఇనుప వలయమొకదానికి రెండు ప్రక్కల రాగితీగెలు చుట్టి, ఒక చుట్టలో విద్యుత్ప్రవాహము మొదలైనప్పుడును ఆగినప్పుడును రెండవ చుట్ట తీగె చెంతనున్న అయస్కాంతసూచిక చలించుట కనుగొనెను. ప్రవాహము నిలుకడగా నున్నంతసేపు సూచిక కదలలేదు. అయస్కాంతబలము మారుటయే ఆ రెండవ చుట్టలోని విద్యుత్తునకు జన్మకారణమని ఆయన గ్రహించెను.

ఆయన కృషి పర్షియను సింధుశాఖను త్వరలోనే చేరినది. గట్టాపర్చా యను చెట్టుపాలు విద్యుత్తును తీగెనుండి బయటికి పోనీయవని 1848లో ఆయన ప్రకటించెను. ఆ పూతగల తంతితీగెయే 1864లో కరాచీ వైపునుండి సముద్రగర్భమున నేటి ఇరాకునందలి ఫావ్ రేవు వరకు వేయబడినది. కువైటు ఆ రేవునకు చేరువనే యున్నను, తీగె దాని తీరమును తాకలేదు.

1913లో కువైటు పాలకుడు షేక్ ముబారక్ తన సీఫ్ ప్రాసాదమున దీపములు వెలిగింపించెను. పురజనులకు 1934లోగాని విద్యుత్తు రాలేదు: 30 కిలోవాట్ల యంత్రములు రెండు, అదియును ఏకముఖ ప్రవాహము. తక్కువ వోల్టేజితో నట్టి ప్రవాహమును దూరము కొనిపోవుట దుస్సాధ్యము. ఎడతెగక దిశ మారుచుండు పరివర్తిత ప్రవాహమునైనచో ట్రాన్స్‌ఫార్మరుచే వోల్టేజి పెంచి కోసుల దూరము పంపి, మరల తగ్గించి గృహములకు అందీయవచ్చును. కువైటు 1949లో ఈ మార్గమునకు మారినది. ట్రాన్స్‌ఫార్మ రనునది మరేమియుకాదు, ఇనుముపై రెండు చుట్టలుగల ఆ ఫారడే వలయమే! ఆ మార్పునే నేను కువైటు విద్యుచ్చరిత్రలో ముఖ్యఘట్టముగా నెంతును.

నదియన్నది లేని యా దేశమున మంచినీరు పూర్వము షత్తల్ అరబ్ నది నుండి నావలపై వచ్చెడిది. 1950వ దశకమున షువైఖ్ వద్ద ఆవిరితో విద్యుత్తును, సముద్రజలము కాచి మంచినీటిని తీయసాగిరి. నేటికిని పెక్కు కేంద్రములు ఈ రెండు పనులను జంటగా చేయుచున్నవి. ఎండతాపమునుండి కాపాడునదియు అచట విద్యుత్తే: 2016 జూలై 21న కువైటునందలి మిత్రిబా యందు 53.9 డిగ్రీల వేడిమి నమోదైనది. అట్టి గ్రీష్మమున ఏసీ యాగిన గృహమున నుండుట యెంత దుర్భరమో, అచటికేగిన కడప, గోదావరి మండలముల వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

వారిలో తీగెలు లాగి, మోటార్లు విప్పి, ఏసీలు బాగుచేసి పొట్టపోసికొను వారెందరో కలరు. చేతిపనినుండియే శాస్త్రశిఖరము నధిరోహించి, సర్ బిరుదమును నిరాకరించి, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని సైతము వలదనిన ఫారడే మహనీయుడు వారికి మిక్కిలి ఆప్తుడు. మన ఐటీఐ బోధకులు వైరింగు నేర్పునాడే ఆయన జీవితమును సులభమైన తెలుగున విద్యార్థులకు వినిపింపవలెనని నా ప్రార్థన.