క్లాసిక్కుల జాబితాలో కనిపించని సంతకాలు

సినిమా ప్రేమికులు నలుగురు ఒకచోట చేరితే చాలు, ఒక జాబితా తయారవుతుంది. ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ (1951), ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957)... వరుస కాస్త అటూ ఇటూ అవుతుందేమోగాని పేర్లు మారవు. ఆ వెంటనే దర్శకుల పేర్లు వస్తాయి: కె.వి.రెడ్డి, బి.ఎన్.రెడ్డి, వేదాంతం రాఘవయ్య, ఎల్.వి.ప్రసాద్. మాటలు సాగుతుండగా ఎవరో ఒకరు ‘రావలసినంత పేరు రాని సినిమాలు’ అంటూ రెండో జాబితా మొదలుపెడతారు. పాత సినిమాల పిచ్చి ఉన్నదాన్ని కాబట్టి ఇలాంటి చర్చలు చాలా విన్నాను, నేనూ గొంతు కలిపాను. ఈ రెండు జాబితాల్లోనూ ఆడవాళ్ళు నటీమణులుగా నిండుగా ఉంటారు. దర్శకురాలిగా, సంగీత దర్శకురాలిగా, కథ ఇచ్చిన మనిషిగా మాత్రం దాదాపు కనిపించరు. అలాంటివాళ్ళు లేరా? ఉన్నారు. మరి ఎందుకు కనిపించరన్నదే నా ప్రశ్న.

జాబితాల మీద నాకు కోపం లేదు. భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంలో, 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ నిర్వహించిన ఓటింగులో ‘మాయాబజార్’ దేశంలోకెల్లా గొప్ప చిత్రంగా నిలిచినప్పుడు అందరిలాగే నేనూ సంతోషించాను. అయితే ఆ సినిమాలో మనం పదేపదే చెప్పుకుని మురిసిపోయే ఘట్టం ఏది? శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఎస్.వి.రంగారావు నడకనీ, చూపునీ, విసురునీ సావిత్రి తన ఒంట్లోకి తెచ్చుకుని, ఆడపిల్ల వేషం వేసిన మగవాణ్ణి నటించి చూపడం. పెళ్ళికూతురి ముస్తాబు చాటున ఒక రాక్షసుడు మీసం దువ్వుకోబోతుంటే, ఆడతనంలో ఎంత భాగం వేషమో మనకు తెలియకుండానే తెలిసిపోతుంది. ఇంత పెద్ద పనిని మనం సావిత్రి ‘చిలిపిదనం’ అని మెచ్చుకుంటాం. దర్శకుడిదైతే ప్రతిభ, నటిదైతే చిలిపిదనం. మన మెచ్చుకోలు భాషలోనే ఈ వివక్ష ఉంది.

తిట్టే భాషలో అది ఇంకా బాగా కనిపిస్తుంది. ‘మిస్సమ్మ’ ప్రస్తావన రాగానే ఒక కథ తప్పకుండా వస్తుంది. ఆ పాత్రకు మొదట భానుమతిని తీసుకున్నారనీ, కొంత చిత్రీకరణ కూడా అయ్యాక నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చి ఆమె తప్పుకోవడంతో సావిత్రి వచ్చారనీ చెప్పుకుంటారు. చివర్లో ‘భానుమతికి పొగరు’ అన్న తీర్పు. అదే పట్టుదల నిర్మాత చూపితే దానికి క్రమశిక్షణ అని పేరు! ఆ పొగరు గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళు ‘చండీరాణి’ గురించి ఐదు నిమిషాలు మాట్లాడరు. 1939లో ‘వరవిక్రయం’లో వరకట్నానికి బలయ్యే కాళిందిగా తెరమీదికి వచ్చిన ఆ అమ్మాయి, భర్త పి.ఎస్.రామకృష్ణారావుతో కలిసి భరణీ సంస్థను నడిపి, 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో స్వయంగా దర్శకత్వం వహించి తీశారు. అందులో ద్విపాత్రాభినయం ఆమెదే, తన పాటలు పాడుకున్నదీ ఆమే. అప్పటికి ఆమెకింకా ముప్ఫై ఏళ్ళు నిండలేదు. కెమెరా ముందు రెండు పాత్రలు, కెమెరా వెనక మూడు భాషల భారం. ఒక మగవాడు ఆ వయసులో ఈ పని చేసి ఉంటే ఎన్ని పుస్తకాలు వచ్చేవో ఊహించుకోవచ్చు.

సావిత్రి విషయంలో జరిగింది ఇంకొక రకం మరపు. 2018లో ‘మహానటి’ వచ్చాక కొత్త తరం ఆమె గురించి మళ్ళీ మాట్లాడింది. మంచిదే. కానీ నేను విన్న మాటల్లో ఎక్కువ భాగం ఆమె ప్రేమ, తాగుడు, పతనం చుట్టూనే తిరిగాయి. 1968లో ఆమె దర్శకత్వంలో వచ్చిన ‘చిన్నారి పాపలు’ పేరు ఎంతమంది ఎత్తారు? ఆ సినిమాకు సంగీతం పి.లీల. గాయనిగా లీలని ఎరగని తెలుగువాళ్ళు లేరు, సంగీత దర్శకురాలిగా ఎరిగినవాళ్ళు అరుదు. ఆ చిత్రాన్నే సావిత్రి 1969లో తమిళంలో ‘కుళందై ఉళ్ళం’గా తీశారు. తర్వాత ‘చిరంజీవి’, ‘మాతృదేవత’, ‘వింత సంసారం’, తమిళంలో ‘ప్రాప్తం’. 1968 నుంచి 1971 దాకా నాలుగేళ్ళలో ఆరు చిత్రాలు! ఇది సరదా పడి చేసిన పని కాదు, ఒక వృత్తిలో నిలదొక్కుకోవాలన్న ప్రయత్నం. మనవాళ్ళు దాన్ని ‘దర్శకత్వం జోలికి పోయి ఆస్తి పోగొట్టుకుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. సినిమాలు తీసి ఆస్తులు కరగబెట్టుకున్న మగవాళ్ళను మాత్రం కళ కోసం త్యాగం చేసినవాళ్ళంటాం. నష్టం ఒకటే అయినా నీతి ఆమెకే చెబుతాం.

ఇక విజయనిర్మల. 1973లో మలయాళంలో ‘కవిత’తో, తెలుగులో ‘మీనా’తో దర్శకురాలై, మొత్తం 44 సినిమాలు తీశారు. 2002లో గిన్నిస్ రికార్డుల కెక్కారు. 2019లో ఆమె మరణించినప్పుడు అందరూ ఆ అంకెనే తలుచుకున్నారు. అంకె దాటి లోపలికి వెళితే ‘మీనా’ దగ్గర ఆగాల్సి వస్తుంది. అది యద్దనపూడి సులోచనారాణి నవల. దాన్ని తెరకెక్కించినదీ స్త్రీయే. నాయిక మీనా పాత్రలో నటించినదీ ఆమే. 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు రెంటికీ ఉన్న పోలికల గురించి బోలెడు చర్చ జరిగి, చాలామంది పాత ‘మీనా’ని వెతుక్కుని చూశారు. కొత్త హిట్టు వస్తే తప్ప పాత సినిమాకు విలువ రాకపోవడమేమిటి?

దీనికి ప్రేక్షకురాళ్ళ చరిత్రలో కొంత జవాబుంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాగా వచ్చి, ఉత్తమ చిత్రంగా తొలి బంగారు నంది గెలుచుకుంది. ఆమెదే ‘ప్రేమనగర్’ (1971), యద్దనపూడివి ‘జీవన తరంగాలు’ (1973), ‘సెక్రటరీ’ (1976). వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళను చింపి, కుట్టి, చేతులు మార్చుకుని చదివిన ఆడవాళ్ళే ఆ రోజుల్లో మాట్నీలను నింపారు. ఆ ఆదరణ వల్లే నవలల హక్కుల కోసం నిర్మాతలు రచయిత్రుల గుమ్మం తొక్కారు. డబ్బు తెచ్చినంత కాలం వాళ్ళు ‘మహిళా ప్రేక్షకులు’. ఆ తర్వాత వాళ్ళు మెచ్చినవి ‘ఏడుపు సినిమాలు’, వాళ్ళ రుచి తక్కువ రుచి. జాబితాలు రాసే కలం వాళ్ళ చేతిలో లేదు. మళ్ళీ మళ్ళీ సినిమాకు వెళ్ళగలిగి, అర్ధరాత్రి దాకా అరుగుల మీదా టీకొట్ల దగ్గరా వాదించుకునే తీరిక ఉన్నవాళ్ళ జ్ఞాపకమే ‘క్లాసిక్’ అయింది. ఇంటికెళ్ళి వంట చేయాల్సిన మనిషి జ్ఞాపకం వంటింట్లోనే ఉండిపోయింది.

‘ఇవన్నీ అంత గొప్ప సినిమాలా?’ అని మిత్రులు అడుగుతారు. అన్నీ కావు. ‘చండీరాణి’ ‘మల్లీశ్వరి’కి సాటి రాదు. ‘మీనా’లో డబ్బున్న పిల్ల పల్లెను ప్రేమించడం కొంత తియ్యటి కలే. కానీ మగ దర్శకుల సగటు సినిమాలను కూడా ‘పరిణామ క్రమం’లో భాగంగా ఓపిగ్గా చర్చిస్తాం కదా? ఆ ఓపిక వీళ్ళకెందుకు లేదు? మాస్టర్‌పీస్ తీస్తేనే చరిత్రలో చోటు అన్న షరతు ఆడవాళ్ళకు మాత్రమే ఎందుకు?

చర్చ వల్ల చరిత్ర మారదనుకునేవాళ్ళకు ఒక ఉదాహరణ చెబుతాను. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చాలా కాలం నమ్మాం. రెంటాల జయదేవ పరిశోధనతో అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. సినిమా మీద ప్రేమ ఉన్నవాళ్ళు పాత పత్రికలు తిరగేస్తే వచ్చిన ఫలితమది. ఆ సినిమాలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయిని గురించి, ‘చిన్నారి పాపలు’కు పి.లీల కట్టిన బాణీల గురించి, ‘చండీరాణి’ మూడు భాషల చిత్రీకరణ గురించి కూడా ఎవరో ఒకరు అంత పట్టుదలగా వెతకాలి. ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు మనకు దక్కలేదు. ఎవరూ అడగని సినిమాను ఎవరూ దాచరు, దాచనిది ఉండదు. సాహిత్యంలో మరుగునపడ్డ రచయిత్రులను వెతికి తెచ్చుకున్న మనకు ఈ పని కొత్త కాదు.

అందుకే ఈ మధ్య చర్చల్లో నేను జాబితా చెప్పడం మానేసి ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ కథ ఎవరు రాశారు? బాణీ ఎవరు కట్టారు? ఇది ఎవరు చూడబట్టి ఆడింది? మొదట్లో కొందరు విసుక్కున్నారు. ఇప్పుడు టైటిల్స్‌ను ముందుకు తోసెయ్యకుండా ఆపి చదివేవాళ్ళు మాలో ఇద్దరు ముగ్గురయ్యారు.