అనుభవదారు కాలమ్ లేని దేశం

ఇల్లినాయ్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్ పక్కనున్న చిన్న ఊళ్లో పాత ఇల్లు కొన్నామని చెప్పగానే చిరాగ్‌పల్లి నుంచి నాయిన రెండే మాటలడిగాడు. "పట్టా ఎవరిది బిడ్డా? కాస్తు ఎవరిది?" ఇంటి జాగకు కాస్తేమిటని సర్దిచెప్పబోయాను గానీ, ఆ రెండో మాట నన్ను వదల్లేదు. ఒకరోజు సెలవు పెట్టి కౌంటీ రికార్డుల ఆఫీసుకు వెళ్లాను.

ఆయన అలా అడగడానికి కారణముంది. మన పహాణీలో పట్టాదారుకు ఒక కాలమ్, అనుభవదారుకు ఒక కాలమ్. మా తాత పేరు ఏళ్ల తరబడి రెండోదాంట్లోనే ఉండేది. అప్పుడు మా ఊరున్న జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి అయింది. చేను కదల్లేదు, కాగితం మీద జిల్లా పేరు మారింది. 1949లో జాగీర్లు రద్దయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాక, దున్నేవాడి పేరు రాసివున్న ఆ కాలమే ఎందరికో ఆధారమైంది. 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం మనవాళ్లు నేటికీ ఎందుకు తిరుగుతారో మీకు చెప్పక్కర్లేదు. 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు ఆ కాలమ్ తీసేశారు. అది తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇక్కడ పట్వారీ లేడు, పహాణీ లేదు. ఉన్నవి దస్తావేజులే. అమ్మినవారి పేర్ల పట్టిక ఒకటి, కొన్నవారి పేర్ల పట్టిక ఇంకొకటి. కొన్నవారిలో మన పేరు పట్టుకుంటే మనకు అమ్మిన మనిషి దొరుకుతాడు. ఆ మనిషి ఎప్పుడు కొన్నాడో మళ్లీ వెతకాలి. అలా మెట్టు మెట్టుగా వెనక్కి నడవాలి. ఆఫీసువాళ్లు దస్తావేజును నకలు తీసి దాస్తారు, హక్కుకు పూచీ పడరు. అందుకే ఇల్లు కొనేవాళ్లు ఆ హక్కు మీద కూడా బీమా తీసుకుంటారు.

మా లాటు 66 అడుగుల వెడల్పు, 132 అడుగుల పొడవు. కాగితం మీద గుణించి చూసి ఆశ్చర్యపోయాను. సరిగ్గా 8 గుంటలు! ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ 1620 ప్రాంతంలో తయారుచేసిన కొలత గొలుసు 66 అడుగులు. మన గుంట అందులో సగం గొలుసు పొడవు, సగం గొలుసు వెడల్పు, అంటే 33 అడుగుల చదరం. 1785 చట్టంతో ఇక్కడి సర్వే మొదలైందీ ఆ గొలుసుతోనే. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. 16వ సెక్షన్ బడి కోసం వదిలారు. వాగు అడ్డొచ్చినా, అడవి అడ్డొచ్చినా గీత గీతే. ఇవాళ విమానంలోంచి చూసినా ఆ గళ్లు కనిపిస్తాయి.

మా దస్తావేజుల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి ఆడవాళ్ల సంతకాలు. భర్త అమ్మితే, భార్య తన వంతు హక్కు వదులుకుంటున్నట్టు ఆమె కూడా సంతకం చేయాల్సి ఉండేది. పాతవాటిలో, అధికారి ఆమెను భర్త ఎదుట కాకుండా విడిగా అడిగినట్టు ఒక వాక్యం ఉంటుంది. ఆ గదిలో ఆమె ఏం చెప్పిందో మాత్రం ఎవరూ రాయలేదు.

మిగతా కథ ఈ ప్రాంతంలో చాలా లాట్లదే. రైలు వచ్చింది. ఇల్లినాయ్ సెంట్రల్ దారి కోసం 1850లో అమెరికా ప్రభుత్వం దాదాపు 26 లక్షల ఎకరాలు ధారాదత్తం చేసింది. పట్టాల వెంట ఊళ్లు పుట్టాయి, రైతుల పొలాలు లాట్లయ్యాయి. అంతకుముందు 1830లలో, ఎకరం డాలరు పావలా చొప్పున ప్రభుత్వం ఒక రైతుకు అమ్మిన పట్టా ఉంది. దాని మీద అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ పేరుంది. ఆ చేతిరాత ఆయనది కాదు, ఆయన తరఫున కార్యదర్శి పెట్టిన సంతకం. 1833లో అందుకు చట్టమే చేశారు.

దాని వెనక మరో పేజీ లేదు.

ఎందుకు లేదో 1823 నాటి ఒక తీర్పులో ఉంది. జాన్సన్ వర్సెస్ మెకింటాష్. 1773లో, 1775లో ఇల్లినాయ్, పియాంకెషా తెగల దగ్గర కొందరు వ్యాపారులు భూమి కొన్నారు. తర్వాత ఆ ప్రాంతంలోనే మరొకాయన ప్రభుత్వం దగ్గర కొన్నాడు. ఎవరి కొనుగోలు చెల్లుతుందన్నది వ్యాజ్యం. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఏమన్నాడంటే, తెగలకు ఉన్నది భూమి మీద నివసించే, అనుభవించే హక్కు మాత్రమే. సర్వహక్కు కనుగొన్న రాజ్యానిది, తర్వాత అమెరికాది. తెగలు ఆ ప్రభుత్వానికి తప్ప మరెవరికీ అమ్మజాలవు. మన మాటల్లో చెప్పాలంటే, ఆదివాసీలను అనుభవదారులని ఒప్పుకున్నారు, పట్టా లేదన్నారు. పైగా ఆ అనుభవదారు పేరు రాయడానికి ఇక్కడి రిజిస్టర్లలో కాలమే పెట్టలేదు.

మా ఊరి నేల అనుభవదారులు కికాపూ జనం. మక్క, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. వాళ్ల పెద్ద ఊరు ఉన్నచోటు మా కౌంటీలోనే, లీరాయ్ దగ్గర. 1819 జులై 30న ఎడ్వర్డ్స్‌విల్ ఒప్పందంలో ఈ నేలంతా వదులుకున్నట్టు సంతకాలకు బదులు గుర్తులు పెట్టారు. కెన్నెకుక్ అనే నాయకుడు కదలనని ఏళ్లపాటు పట్టుబట్టాడు. 1832లో మరో ఒప్పందమైంది, ఆయన ప్రజలు కాన్సస్‌కు తరలారు. ఇప్పుడు కికాపూలు కాన్సస్, ఓక్లహోమా, టెక్సస్‌లలో, మెక్సికోలో ఉన్నారు.

ఇదంతా ఫోన్లో నాయినకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "ఒట్టిగనే తీసుకున్నరా, ఏమన్న ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు నాయినా. మొదటి ఒప్పందంల 3,000 డాలర్ల సామాను, ఆపైన ఏడాదికి 2,000 డాలర్ల వెండి, పదిహేనేండ్లు. ఆ ఏడాది పైకంతో, రైతుకు అమ్మిన ధరకైతే, 1,600 ఎకరాలొస్తుండె."